చూస్తేగానీ మేడమ్

పొద్దున్నే పాల ప్యాకెట్ కత్తిరించే ముందు ఆమె దాన్ని కిటికీ వెలుతురులో పెట్టుకుని, మీద రాసి ఉన్నదంతా చదువుతుంది. మూలన చిన్న చుక్కల గీత, దాని పక్కన 'ఇక్కడ కత్తిరించండి' అన్న మాట. కత్తెర సరిగ్గా ఆ గీత మీదే నడుస్తుంది, వెంట్రుకవాసి కూడా పక్కకు పోదు. రోజూ అదే ప్యాకెట్, అదే గీత.

"ఏమోయ్, రాత్రికి రాత్రి గీత జరిగిందా?" అంటాడు భర్త, టవల్‌తో మొహం తుడుచుకుంటూ.

"జరిగితే మీకు తెలుస్తుందా? మీరు పళ్ళతో పీకే రకం కదా."

"దానికి ప్రతిదీ చదవడం జబ్బు, వీడికి చెప్పింది చెప్పినట్టు చేయడం జబ్బు," అంటుంది అత్తగారు హాల్లోంచి. "మీ ఇద్దరి మధ్య నా కాఫీ చల్లారిపోతోంది."

భర్త గురించి అత్తగారన్నది నిజమే. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. కొలత ఎంత రాసి ఉంటే అంతే చెయ్యాలి, సొంత తెలివి పనికిరాదు. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. పెళ్ళైన కొత్తలో ఆమె "పాలు పొంగాక స్టవ్ కట్టెయ్యండి" అని చెప్పి స్నానానికి వెళ్ళింది. ఆయన నిలబడి, పాలు పొంగి గట్టు మీదుగా కిందికి కారేదాకా చూసి, అప్పుడు కట్టేశాడు. ఆమె వచ్చి అడిగితే, "పొంగాకే కదా అన్నావు," అన్నాడు. ఆమెకు కోపం రాలేదు. గట్టు తుడుస్తూ, ఈ మనిషి నా ఉద్యోగానికి భలే పనికొస్తాడు అనుకుంది.

ఆమె ఉద్యోగం యంత్రాలతో పాటు వచ్చే పుస్తకాలను ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి మార్చడం. జిరాక్స్ దుకాణం పైన మేడ మీద ఆఫీసు. మెట్లెక్కుతుంటేనే కింద నుంచి వేడి కాగితం వాసన వస్తుంది. లోపల నాలుగు బల్లలు, ఒక పాత ఏసీ, మేనేజరు కూర్చునే అద్దాల గది. అందరికన్నా పెద్దది ఆమే. ఇంకొకరు చేసిన అనువాదాన్ని చదివి, తప్పొప్పులు చూసి, చివరి పేజీలో 'పరిశీలించినవారు' అన్నచోట సంతకం పెట్టడం ఆమె వంతు. ఆ సంతకం పడనిదే పుస్తకం గడప దాటదు.

ఆఫీసులో ఆమె పేరు చూస్తేగానీ మేడమ్. "ఈ మాటకు స్పానిష్‌లో ఏం రాద్దాం?" అని ఎవరడిగినా, "వస్తువు చూస్తేగానీ చెప్పలేను," అంటుంది. ఆ పేరు తన వెనక తిరుగుతోందని ఆమెకు తెలుసు. ముందు కొంచెం ముడుచుకుపోయింది, తరువాత దానికే పలకడం మొదలుపెట్టింది.

ఈ పట్టుదల పుట్టింటిది. తండ్రి మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసేవాడు. కింద దుకాణం, పైన ఇల్లు. అట్టపెట్టెల్లో మడతలు మడతలుగా వచ్చే కాగితాలకు ఒకవైపు ఇంగ్లీషు, ఇంకోవైపు స్పానిష్ ఉండేది. తండ్రికి చదువు అంతంతమాత్రం. "నువ్వు చదువు తల్లీ, నేను చేస్తాను," అని స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చునేవాడు. ఇంగ్లీషు వైపు చదివి తెలుగులో చెబితే ఆయన చేసేవాడు. అదే బొమ్మ పక్కన స్పానిష్‌లో ఏం రాశారో ఆమె వేలు పెట్టి చూసుకునేది. ఇంగ్లీషులో రెండు చోట్ల ఒకటే మాట ఉంటే, స్పానిష్‌లో ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి కనిపించేది. ఎందుకని అడిగితే, తండ్రి ఏమీ చెప్పకుండా మూత విప్పి చూపించేవాడు. ఇంగ్లీషు ఒకే పేరుతో పిలిచిన రెండు ముక్కలు లోపల వేరువేరుగా, ఒకటి ఇత్తడిది, ఒకటి రబ్బరుది, ఉండేవి. ఆ భాష మీద మోజు అక్కడ పుట్టింది. తరువాత సాయంత్రం క్లాసుల్లో చేరి పరీక్షలు రాసి పట్టా తెచ్చుకుంది కానీ, ఆమె మొదటి పాఠాలన్నీ మిక్సీ మూతల కిందే జరిగాయి.

అందుకే ఆమె పని తీరు వేరు. స్పానిష్ వాక్యం రాశాక దాన్ని మళ్ళీ తెలుగులోకి తిప్పి, ఇంగ్లీషు చూడని మనిషికి చెబుతుంది. ఆ మనిషి చేతులు సరైన పని చేస్తే వాక్యం ఉంటుంది, లేదంటే పోతుంది. ఆ మనిషి ఎక్కువసార్లు భర్తే. ఇంట్లో కొన్న ప్రతి వస్తువునూ ఆయన చేత ఆమె మాటల ప్రకారమే విప్పించి బిగింపించింది. ప్రెషర్ కుక్కరు విషయంలో మాత్రం అత్తగారు అడ్డుపడింది.

ఒక పొద్దున మేనేజరు అద్దాల గదిలోంచి కాగితాల కట్ట తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. వయసులో ఆమెకన్నా చిన్నవాడు. మంచివాడే కానీ, గడువు దగ్గర పడితే ఒంటికాలి మీద లేస్తాడు.

"మేడమ్, ఇది సాయంత్రానికి వెళ్ళిపోవాలి. కంప్యూటరు చేసేసింది. మీరు ఒకసారి కళ్ళు తిప్పి సంతకం పెడితే చాలు."

అది మంచం మీద నుంచి లేవలేని రోగులను ఎత్తే యంత్రం పుస్తకం. చక్రాల మీద నిలిచే స్తంభం, దానికో ఇనుప చెయ్యి, చెయ్యి చివర కొక్కేల కడ్డీ, ఆ కొక్కేలకు తగిలించే గుడ్డ జోలె. రోగిని జోలెలో కూర్చోబెట్టి, బటన్ నొక్కి పైకెత్తి, మంచం మీద నుంచి కుర్చీలోకి మారుస్తారు.

ఆమె చదవడం మొదలుపెట్టింది. మూడో పేజీ దాటగానే కలం ఆగింది. ఇంగ్లీషులో 'రిలీజ్' అన్న మాట ఎన్నోచోట్ల ఉంది. చక్రాల బ్రేకుల దగ్గర, చేతిలో పట్టుకునే రిమోట్ బటన్ దగ్గర, జోలె పట్టీల దగ్గర, కరెంటు పోతే లాగాల్సిన ఎర్ర పిడి దగ్గర. కంప్యూటరు అన్నిచోట్లా 'లిబెరార్' అనే రాసింది. ఖైదీని చెర నుంచి, దేశాన్ని శత్రువు నుంచి విడిపించేటప్పుడు వాడే మాట. యంత్రాల పుస్తకాల్లోనూ కొన్నిచోట్ల చెల్లుతుంది. అన్నిచోట్లా చెల్లదు.

కాగితాలు పట్టుకుని అద్దాల గదిలోకి వెళ్ళింది.

"సార్, ఈ ఒక్క మాట నాలుగు చోట్ల నాలుగు రకాలుగా రావాలి."

"కుదరదు మేడమ్. పదాల పట్టిక పంపింది ఆ యంత్రం కంపెనీ వాళ్ళే. ఒక మాటకు ఒకటే అనువాదం, అన్ని పుస్తకాల్లో అదే. అది వాళ్ళ షరతు."

"ఏ మాట పెట్టాలో యంత్రం చూస్తేగానీ..."

"చెప్పలేరు. తెలుసు." మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "మేడమ్, మీమీద గౌరవం ఉంది కాబట్టి దాచకుండా చెబుతున్నాను. ప్రతి పుస్తకం మీ దగ్గర ఆగుతోంది. సాయంత్రంలోగా దీని మీద సంతకం పడకపోతే, రేపటి నుంచి పరిశీలన అనే పనే ఉండదు. పట్టిక, కంప్యూటరు చూసుకుంటాయి. మీకు టైపింగ్ పనో ఇంకోటో చూద్దాం."

గొడవ పడటం ఆమెకు చేతకాదు. ఎదుటి మనిషి గొంతు పెంచితే నీళ్ళు నమిలి బయటికి వచ్చేసే మనిషి. ఆ రోజు కూడా బయటికి వచ్చేసింది. కాకపోతే బల్ల దగ్గరికి వెళ్ళలేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని, పూటకు సెలవు చీటీ రాసి, మెట్లు దిగింది.

అలాంటి యంత్రం, అదే కంపెనీది, ఎక్కడుందో ఆమెకు తెలుసు. అత్తగారిని మోకాళ్ళ వ్యాయామానికి తీసుకెళ్ళే ఆసుపత్రిలో, నడవ చివర దుప్పటి కప్పి ఉంటుంది. ఆ రోజు భర్త దుకాణానికి సెలవు. తల్లిని ఆయనే తీసుకెళ్ళాడు. ఆమె వెళ్ళేసరికి వ్యాయామం అయిపోయి, అత్తగారు బెంచీ మీద కూర్చుని నర్సుకు తన మోకాళ్ళ చరిత్ర చెబుతోంది.

"ఆఫీసు వదిలేసి వచ్చావేమిటి అమ్మాయ్? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది అత్తయ్యా. సిస్టర్, ఆ లిఫ్టు ఒకసారి చూడనిస్తారా?"

సంగతంతా చెప్పింది. నర్సు ముందు తటపటాయించి, లోపలికి వెళ్ళి పెద్ద సిస్టర్‌ని అడిగి వచ్చింది. "హాలు ఖాళీగానే ఉంది. కొత్తవాళ్ళకు నేర్పేటప్పుడు మేమూ ఒకరినొకరం ఎత్తి చూపించుకుంటాం. కానీ నేను పక్కనే ఉంటాను, ఆపమంటే ఆపాలి. ఎవరు పడుకుంటారు?"

"నేను," అంది ఆమె.

"నువ్వు పడుకుంటే చదివేదెవరు?" అత్తగారు అప్పటికే చెప్పులు విప్పేసింది. "నన్ను పడుకోబెట్టండి. నన్నెత్తగలిగితే ఆ యంత్రం ఎవర్నైనా ఎత్తుతుంది."

"అమ్మా, నీకెందుకిది?" అన్నాడు కొడుకు.

"నువ్వు నోరు మూసుకుని మీ ఆవిడ చెప్పింది చెప్పినట్టు చెయ్. అదొక్కటే నీకు బాగా వచ్చు."

నర్సు జోలెను ఆవిడ వీపు కింద, తొడల కింద సర్దింది. పట్టీల చివరి మడతలను కొక్కేలకు తగిలించింది. భర్త చేతికి రిమోట్ వచ్చింది. ఆమె కంప్యూటరు రాసిన స్పానిష్ వాక్యాలను ఒక్కొక్కటే తెలుగులో చెప్పసాగింది.

"బ్రేకులకు విముక్తి కలిగించండి."

"బ్రేకులకు స్వాతంత్ర్యమా?" అంటూనే కాలితో చక్రాల మీది మీట పైకి లేపాడు. పని జరిగింది. ఆమె కాగితం మీద గుర్తు పెట్టుకుంది.

"పేషెంటు పైకి లేచాక బటన్‌కు విముక్తి కలిగించండి."

ఆయన బటన్ నొక్కి ఎత్తి, ఆలోచించి బొటనవేలు తీశాడు. ఇనుప చెయ్యి ఆగింది. అత్తగారు మంచానికి జానెడు ఎత్తున వేలాడుతోంది. నెమ్మదిగా మళ్ళీ మంచం మీదికి దించాడు.

"పేషెంటుకు విముక్తి కలిగించండి."

భర్త కదల్లేదు. అత్తగారు పడుకున్నచోటి నుంచే, "ఈ వయసులో ఆ మాటకు ఒకటే అర్థంరా. తొందరపడకు," అంది. నర్సు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది.

ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే దాన్ని పక్కన పెట్టి, వేరే కాగితం మీద పొద్దున బల్ల దగ్గరే మనసులో అనుకున్న మాట రాసింది. 'ఆఫ్లోహార్'. బిగువును సడలించడం. పట్టీలకు సంబంధించినది కాబట్టి అదే సరైనదని ఆమెకు గట్టి నమ్మకం.

"పట్టీలు వదులు చెయ్యండి. తరువాత యంత్రాన్ని వెనక్కి లాగండి."

భర్త ఇనుప చేతిని ఇంకొంచెం కిందికి దించాడు. పట్టీలు వేలాడి వదులయ్యాయి. ఆయన వెళ్ళి స్తంభం పట్టుకుని వెనక్కి లాగాడు. మడతలు కొక్కేలకు ఇంకా తగిలే ఉన్నాయి. వదులైన పట్టీలు ఒక్కసారిగా బిగుసుకున్నాయి, జోలెతో పాటు అత్తగారు మంచం అంచు వైపు జారింది.

"ఒరేయ్! నన్నెక్కడికి తీసుకుపోతున్నావురా!"

"ఆపండి!" నర్సు ఒక చెయ్యి ఆవిడ నడుం మీద, ఒక చెయ్యి స్తంభం మీద వేసేసింది.

"వదులు చెయ్యమంది, చేశాను. లాగమంది, లాగాను," అన్నాడు భర్త, స్తంభం వదిలేసి.

ఆమె చేతిలోని కాగితం చూసుకుంది. ఇది పట్టిక మాట కాదు, కంప్యూటరు మాట కాదు. తన మాట. బల్ల దగ్గరే కూర్చుని ఉంటే ఈపాటికి ధీమాగా రాసి, కింద సంతకం కూడా పెట్టి ఉండేది. అత్తగారి దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకుంది.

"తప్పు నాదే అత్తయ్యా. ఇక చాలు, లేవండి."

"చాలేమిటి? సరైన మాట దొరికిందా?"

"దొరికినట్టే ఉంది."

"దొరికినట్టే అంటే కుదరదు. మళ్ళీ ఎత్తండి."

ఈసారి ఆమె 'దెసెన్గాంచార్' రాసింది. కొక్కెం నుంచి ఊడదీయడం, అంతే, ఇంకో అర్థం లేదు. నర్సు ఆవిడను మధ్యకు జరిపింది. మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. అత్తగారు గాల్లోకి లేచిన సమయానికి హాలు తలుపు తెరుచుకుని మేనేజరు లోపలికి వచ్చాడు. ఫోనుకు ఆమె జవాబివ్వకపోతే, సెలవు చీటీ మీద రాసిన చోటు చూసి వెతుక్కుంటూ వచ్చాడు.

"మేడమ్, వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. నేనేం..." అని, పైకి చూసి ఆగిపోయాడు.

"ఎవరమ్మాయ్ ఈ అబ్బాయి?" అంది అత్తగారు గాల్లోంచి.

"మా మేనేజరు సార్ అత్తయ్యా."

"కూర్చోమను. నేను దిగాక మాట్లాడతాడు."

మేనేజరు కూర్చోలేదు. ఆమె ఆయన ముందుకు వెళ్ళి కాగితాలు చాచింది.

"సార్, ఇది పట్టిక ప్రకారం ఉన్న ప్రతి. మీకు స్పానిష్ వచ్చు. ఇందులో ఉన్నట్టు చేసి ఆవిడను మంచం మీద దింపి, యంత్రాన్ని పక్కకు తీసుకెళ్ళండి. మీరు చేయగలిగితే ఇక్కడే సంతకం పెట్టేస్తాను."

మేనేజరు గడియారం చూసుకున్నాడు. సంతకం అన్న మాట ఆయనకు నచ్చింది. రిమోట్ అందుకుని, కాగితం చూస్తూ జాగ్రత్తగా దించాడు. అత్తగారి వీపు మంచానికి ఆనింది. తరువాతి వాక్యం దగ్గర ఆయన పెదాలు కదిలాయి. "లిబెరార్," అని గొణుక్కుని యంత్రమంతా కలయజూశాడు. కాగితంలో ఎర్ర పిడి బొమ్మ ఉంది. దాని కిందా అదే మాట. స్తంభం మీద ఎర్ర పిడి కనిపించింది. లాగేశాడు.

ఇనుప చెయ్యి తనంతట తాను దిగడం మొదలుపెట్టింది. వేగంగా కాదు, ఆగకుండా. కొక్కేల కడ్డీ తిన్నగా అత్తగారి మొహం మీదికి వస్తోంది. నర్సు దాన్ని రెండు చేతులతో పట్టి పక్కకు నెట్టి, పిడిని వెనక్కి తోసింది. ఆవిడ ముక్కుకు బెత్తెడు దూరంలో కడ్డీ ఆగింది.

నర్సు ఒక చేత్తో కడ్డీని పట్టుకునే ఉంది.

"అబ్బాయీ," అంది అత్తగారు, కడ్డీ పక్క నుంచి చూస్తూ, "ఆ ఎర్రది ఎందుకు లాగావు?"

"అక్కడ కూడా అదే మాట ఉందండీ," అన్నాడు మేనేజరు. రిమోట్‌ను మంచం మీద పెట్టి, జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఆ తరువాత ఆమె వైపు తిరిగాడు. "వాళ్ళతో నేను మాట్లాడలేను మేడమ్. షరతుకు ఒప్పుకున్నది నేనే. చెప్పాలనుకుంటే మీరే చెప్పండి. ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే పొద్దున చెప్పిన మాట పొద్దున చెప్పినట్టే."

ఫోనంటేనే ఆమెకు నోరు పెగలదు. గ్యాస్ బండకు కూడా భర్త చేతే ఫోన్ చేయిస్తుంది. నడవలోకి వెళ్ళి, కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. అవతలి కంపెనీలో పుస్తకాలు చూసే ఆవిడ ఫోన్ ఎత్తింది. ఆమె స్పానిష్‌లో విషయం చెప్పింది.

"ఒక మాటకు ఒకటే అనువాదం. మా నియమం మీకు తెలుసు కదా," అంది అవతలి గొంతు. "ఇక్కడ మారిస్తే మిగతా పుస్తకాల్లోనూ మార్చాలి."

"మార్చాలి," అంది ఆమె.

"మాకు సాయంత్రానికి కావాలి."

"నా సంతకం లేనిది కావాలంటే సాయంత్రానికి వస్తుంది. సంతకం ఉన్నది కావాలంటే రేపు మధ్యాహ్నం. పట్టిక ప్రకారం ఉన్నదాని మీద నేను సంతకం పెట్టను. నా ఉద్యోగం పోయినా పెట్టను."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "ఎర్ర పిడి లాగితే నిజంగా ఏమవుతుంది?"

"ఇనుప చెయ్యి దానంతటదే దిగుతుంది. ఇప్పుడే మా మేనేజరుగారు లాగారు. కింద మా అత్తగారు ఉన్నారు."

అవతల కాగితాల చప్పుడు ఆగిపోయింది.

"ఆవిడ బాగున్నారా?"

"బాగున్నారు. ఇప్పుడు కాఫీ అడుగుతున్నారు."

"రేపు మధ్యాహ్నం పంపండి," అని ఫోన్ పెట్టేసింది ఆవిడ.

మర్నాడు మధ్యాహ్నం పుస్తకం వెళ్ళింది. బ్రేకుల దగ్గర పట్టు తీయడమని, బటన్ దగ్గర వేలు వదలడమని, పట్టీల దగ్గర కొక్కెం నుంచి ఊడదీయడమని, ఎర్ర పిడి దగ్గర అత్యవసరంగా కిందికి దించడమని నాలుగు మాటలు నాలుగు చోట్ల కూర్చున్నాయి. పట్టికలోనూ ఆ ఒక్క ఇంగ్లీషు మాట ఎదురుగా నాలుగు వరసలు చేరాయి. ఒక్కో వరస పక్కన ఒక్కో చిన్న బొమ్మ కూడా. బొమ్మలు పెట్టించింది మేనేజరే.

అంతా సవ్యంగా జరిగిందని కాదు. ఆలస్యం నచ్చక ఆ కంపెనీ తరువాతి రెండు పుస్తకాలను వేరే ఆఫీసుకు ఇచ్చింది. మేనేజరు కొన్నాళ్ళు ఆమెతో ముభావంగా ఉన్నాడు. కానీ పరిశీలన పని తీసేసే మాట మళ్ళీ ఎత్తలేదు. కొత్తగా ఎవరైనా యంత్రం పుస్తకం ఇస్తామంటే, "వస్తువు కూడా పంపండి, మా దగ్గర ఒక మేడమ్ ఉన్నారు," అని ఆయనే ముందుగా చెబుతున్నాడు. వాళ్ళలో కొందరు పంపుతారు, కొందరు విసుక్కుంటారు.

ఇంట్లో మాత్రం అత్తగారు ఆ రోజు సంగతి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. చెప్పే ప్రతిసారీ ఆవిడ ఇంకొంచెం పైకి లేస్తుంది. కోడలు సరిదిద్దదు. భర్త ఒకసారి సరిదిద్దబోయి తిట్లు తిన్నాడు.

ప్రస్తుతం ఆమె బల్ల మీద ఒక కుట్టుమిషను పుస్తకం ఉంది. మిషను ఇంకా రాలేదు. ఆమె ఇంకా మొదలుపెట్టలేదు.